బావ పిడికిలి విప్పేదాకా

నేను చెప్పే కథల్లో చేప ఎప్పుడూ పడవకంటే పెద్దదిగా ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను నోరు తెరవగానే మా మనవలు "తాతా, ఈసారి సగమే చెప్పు" అంటారు. దాలయ్య సంగతి మాత్రం ఉన్నది ఉన్నట్టు రాద్దామని కూర్చున్నాను. ఎక్కడైనా చెయ్యి జారితే అక్కడే ఒప్పుకుంటాను.

విశాఖ పోర్టులో ఓడ సరుకు సరిచూసే గుమస్తాగా ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. చిన్నప్పుడు కాన్వెంటులో చదివినవాణ్ణి కాబట్టి ఓడ ఆఫీసర్లతో ఇంగ్లీషు మాట్లాడే పని కూడా నా మీదే పడేది. నుదుటన ఇంత బొట్టు పెట్టుకుని వెళ్ళి, క్రైస్తవ జ్ఞానోపదేశం పరీక్షలో మొదటి బహుమతి పట్టుకొచ్చిన ఘనుణ్ణి నేను. విశ్వాసం అంటే ఏమిటి, విధేయత అంటే ఏమిటి అని అడిగితే గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాణ్ణి. వాటిని ఒక మనిషి చేస్తుండగా చూసింది మాత్రం పోర్టులోనే, నలభై ఏళ్ళు దాటాక.

దాలయ్య వించ్ డ్రైవరు. పొట్టి మనిషి, అరచేతులు మాత్రం తెడ్లలా ఉండేవి. ఆ రోజుల్లో చాలా ఓడల్లో ఓడ మీదున్న వించ్‌తోనే సరుకు ఎత్తి దించేవారు. వించ్ దగ్గర కూర్చున్నవాడికి ఓడ కడుపులో ఉన్న సరుకూ కనపడదు, కింద గట్టు మీద ఆగిన లారీ కనపడదు. ఓడ అంచున నిలబడ్డ సిగ్నల్‌మేన్ చెయ్యి ఒక్కటే కనపడుతుంది. బొటనవేలు పైకి చూపిస్తే ఎత్తాలి. అరచెయ్యి కిందికి ఊపితే దించాలి. పిడికిలి బిగిస్తే ఆపాలి.

ఈ పిడికిలికి ఒక కట్టుబాటు ఉండేది. ఏ చెయ్యి ఆపిందో ఆ చెయ్యే విప్పాలి. మధ్యలో మేస్త్రీ చెప్పినా, ఓడ కెప్టెనే వచ్చి మొత్తుకున్నా బరువు కదలకూడదు. ఎందుకంటే ఆపినవాడికి ఏదో కనపడి ఉంటుంది. ఆ ఏదో ఒక మనిషి తలకాయ కావచ్చు. ఈ కట్టుబాటు అందరికీ తెలుసు. అందరూ పాటించేవారని మాత్రం చెప్పను.

దాలయ్యది పెదజాలారిపేట. తండ్రీ తాతా సముద్రం మీద బతికినవాళ్ళే. డెబ్బై ఎనిమిదిలో అతని తల్లికి పక్షవాతం వచ్చి మంచాన పడింది. ఆవిడ దగ్గర ఏళ్ళ తరబడి చేపలు కొన్న చిలకమ్మ అనే ముసలమ్మ ఉండేది. జ్ఞానాపురంలో ఒక రేకుల షెడ్డు ప్రార్థన మందిరం ఊడ్చేది. ఆవిడ రోజూ పొద్దున్నే నడిచొచ్చి దాలయ్య తల్లికి ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, కాళ్ళు కడిగి వెళ్ళేది. దాలయ్యకి అనుమానం. ఈవిడ ఈ రోజో రేపో మతం సంగతి ఎత్తుతుందని కాసుకుని కూర్చున్నాడు. రెండు నెలలు గడిచాయి గానీ చిలకమ్మ ఆ ఊసే ఎత్తలేదు. తల్లి పోయాక అతనే ఉండబట్టలేక అడిగాడు.

"ఏటి సూసుకుని సేసేవప్పా ఇదంతా?"

"పెబువు కూకుని శిష్యుల కాళ్ళు కడిగి, మీరూ ఇలాగే సెయ్యండన్నాడు. నాకు సదువు రాదు నాయినా. ఆయన సెప్పిన వాటిల్లో నాకు బాగా అర్దమయింది ఇదొకటే. అదే సేత్తన్నాను."

మరుసటి ఏడు దాలయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. భార్య నూకాలు వారం రోజులు ఏడ్చి, తరవాత తానూ అతనితో నీళ్ళలోకి దిగింది. ముప్పై రెండేళ్ళ వయసులో వాక్యం చదవడం కోసం అక్షరాలు దిద్దాడు. ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి చదివేవాడు. వేలు దాటని మాట అతనికి అర్థం కానట్టే.

కొత్త విశ్వాసం కొత్త చెప్పుల్లాంటిది, నడిచేవాడికి తెలియకుండానే కిర్రుమంటుంది. రెండు నెలలకే ఆ చప్పుడు వాడంతా వినపడింది.

నూకాలు అన్న ఎల్లాజీ కొత్త పడవ చేయించాడు. బావలిద్దరూ ఒకే కంచంలో తిన్న మనుషులు. వాళ్ళ వాడలో ఆనవాయితీ ఏమిటంటే, కొత్త పడవ నీళ్ళలోకి దిగేముందు ఆ ఇంటి ఆడపడుచు మొగుడే పడవ ముక్కు దగ్గర కొబ్బరికాయ కొట్టాలి. ఆ తరవాత అతని భుజమే ముందు తగలాలి. మిగతావాళ్ళు అతని వెనకాల తొయ్యాలి. ఒడ్డున వంద మంది చూస్తుండగా ఎల్లాజీ కాయ చేతికిచ్చాడు.

"కొట్టు బావా."

"నాను కొట్టను బావా. నాకిప్పుడు కూడదు."

"ఏటి కూడదు? పడవ నాది, కాయ నాది. నీదేటి పోతాది?"

దాలయ్య చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా ఇసుకలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఎల్లాజీ తన కాయ తానే కొట్టుకున్నాడు. అందరూ కలిసి పడవను తోశారు. దాలయ్య కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటూ, తాను పెద్ద పరీక్షలో నెగ్గాననుకున్నాడు.

ఆ ఆదివారం మందిరంలో లేచి నిలబడి ఇదంతా సాక్ష్యంగా చెప్పాడు. అందరూ "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. ఆరాధన అయ్యాక చాపలు చుడుతూ చిలకమ్మ అడిగింది.

"కాయ కొట్టలేదు, సరే. పడవ తోసేవా?"

"లేదప్పా."

"ఏం? బావ పడవకి బుజం ఇయ్యొద్దని ఏ వాక్యంలో ఉంది? నువ్వు సదివినోడివి కదా, సూపించు."

దాలయ్య వెళ్ళి బావకి క్షమాపణ చెప్పుకోవాలనుకున్నాడు. ఆ వారం పోర్టులో పని ఎక్కువగా ఉంది, మరుసటి వారం జ్వరం. ఈలోగా తుపాను వచ్చింది. కొత్త పడవ ముక్కలైపోయింది. ఎల్లాజీ, ఇంకో ఇద్దరు చెక్కలు పట్టుకుని ప్రాణాలతో ఒడ్డుకొచ్చారు. దాలయ్య పరుగున వెళ్తే ఎల్లాజీ గుమ్మంలోనే ఆపేశాడు.

"నా పడవకి నీ బుజం తగల్లేదు. నా గుమ్మానికి నీ కాలూ తగలకూడదు. సెల్లికీ ఇదే మాట సెప్పు."

అక్కడితో రాకపోకలు తెగిపోయాయి. దాలయ్య కాపురం జ్ఞానాపురానికి మార్చాడు. మరుసటి ఏడాది ఆడపిల్ల పుడితే సువార్త అని పేరు పెట్టుకున్నారు. మేనమామ ఒళ్ళో కూర్చోకుండా పెరిగిన పిల్ల వాళ్ళ వాడ మొత్తం మీద ఇంకొకతె లేదు. నూకాలుకి కావలసింది ఒకటే, అన్న ఒక్కసారి తన గుమ్మం తొక్కి పిల్లను ఎత్తుకోవాలి.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక దాలయ్య గంటసేపు నడిచి పెదజాలారిపేట వెళ్ళేవాడు. గుమ్మం తొక్కొద్దన్నాడు కాబట్టి సందు మొదట్లోనే నిలబడి "బావా!" అని ఒక్కసారి పిలిచేవాడు. జవాబు రాకపోతే వెనక్కి వచ్చేవాడు. నూకాలు ఆ పూట ఒక మనిషికి ఎక్కువే వండేది. మొగుడు ఒక్కడే తిరిగి రావడం చూసి, ఏమీ అడగకుండా ఆ కూడు పక్కింటికి ఇచ్చేసేది.

"ఒక్కసారే పిలుస్తావేం?" అని ఒకసారి అడిగాను.

"రెండోసారి పిలిత్తే దెబ్బలాటకొచ్చేడనుకుంతారు రాజుబాబూ" అన్నాడు. నా పేరు సన్యాసిరాజు. అతనికి ఎప్పుడూ రాజుబాబునే.

ఇలా నాలుగేళ్ళు. కావాలంటే ఆదివారాలు మీరే లెక్కేసుకోండి. నేను లెక్కేస్తే వెయ్యి దాటిస్తాను.

పడవ పోయాక ఎల్లాజీ కొన్నాళ్ళు కూలికి వేటకి వెళ్ళి, చివరికి పోర్టు పనికొచ్చాడు. చూపు డేగ చూపు. సిగ్నల్‌మేన్‌ని చేశారు. దాలయ్య ఉన్న ఓడ ఎక్కమంటే ఎక్కేవాడు కాదు. అలా ఉండగా ఎనభై మూడులో, ఉక్కు ఫ్యాక్టరీకి కావలసిన యంత్రాలు మోసుకుని ఒక రష్యా ఓడ వచ్చింది. అందులో ఒక ఆఫీసరు నన్ను పట్టుకుని ఏదో అడిగాడు. మా మేస్త్రీ అర్జునరావు "ఏటంటన్నాడు?" అన్నాడు. నాకు చటుక్కున దుర్బుద్ధి పుట్టింది.

"రెండో నంబరు వించ్ దగ్గర దాలయ్య, ఎల్లాజీ ఇద్దరే పని చెయ్యాలంటున్నాడు. వీళ్ళ పేరు రష్యా దాకా పాకిందట" అన్నాను.

పాపం, ఆ ఆఫీసరు అడిగింది మంచినీళ్ళ పంపు ఎక్కడని.

ఎల్లాజీ చిందులు తొక్కాడు. "ఆడి ముకం నాను సూడను!"

"ఆడి ముకం నిన్నెవుడు సూడమన్నాడ్రా? ఆడే నీ సెయ్యి సూత్తాడు. ఎక్కు!" అన్నాడు అర్జునరావు.

అలా వాళ్ళిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాను. మాటల్లేవు. ఎల్లాజీ చెయ్యి కదిలితే దాలయ్య వించ్ కదిలేది. అంత ఒద్దికైన పని నేను మళ్ళీ చూడలేదు. కోడిగుడ్ల బుట్ట దించినట్టు ఇనప సామాను దించేవారు. టీ వేళకి దాలయ్య రెండు గ్లాసులు తెప్పించి ఒకటి బావకి పంపేవాడు. ఎల్లాజీ దాన్ని అందరూ చూస్తుండగా సముద్రంలో పారబోసేవాడు. పది రోజులకి ఆ ఓడ కింద చేపలన్నీ టీ వేళకి గుంపుగా వచ్చి నోళ్ళు తెరిచేవి. ఇదిగో, ఇక్కడ చెయ్యి జారింది. మిగతాది నిజం.

పదకొండో రోజు మే నెల ఎండ. టీ గ్లాసు రాగానే ఎల్లాజీకి ఒళ్ళు మండిపోయింది. పక్కనున్న కళాసీలతో పైకే అన్నాడు.

"ఈడు దేవుడి మాట తు.చ. తప్పడంట. నా మాట ఎంతసేపు ఇంటాడో సూద్దారి."

నాలుగు టన్నుల యంత్రం పెట్టె ఓడ కడుపులోంచి లేచి, అంచు దాటి, గట్టు మీదికి వచ్చింది. సగం దించాక ఎల్లాజీ పిడికిలి బిగించాడు. దాలయ్య ఆపాడు. ఎల్లాజీ పిడికిలి అలాగే పైకెత్తి పట్టుకుని, మెట్లు దిగి, క్యాంటీను వైపు వెళ్ళిపోయాడు.

పెట్టె గాల్లో వేలాడుతోంది. ఆ పాత వించ్‌కి ఉన్న తాళం అరిగిపోయింది, దాన్ని ఎవరూ నమ్మేవారు కాదు. కాలితో బ్రేకు నొక్కి పట్టుకునే ఉండాలి. దాలయ్య కుడికాలు బ్రేకు మీద, చూపు ఖాళీగా ఉన్న ఓడ అంచు మీద. పది నిమిషాలయ్యాక అర్జునరావు వచ్చి కేకలేశాడు.

"ఏట్రా నిద్దరోతన్నావా? దించు!"

"బావ సెయ్యి ఇప్పలేదు మేస్త్రీ."

అర్జునరావు అంచు దగ్గరికి వెళ్ళి కిందికి తొంగి చూశాడు. "కింద పిట్ట లేదు. నాను సూసి సెప్తన్నాను. దించీ!"

"నీకు కనపడకపోవచ్చు. మా బావ ఊరికే సెయ్యి మూయడు. కింద ఎవులో ఉన్నారు."

"దించకపోతే రేపట్నించి నీకీ పోర్టులో పని లేదు, తెల్సా?"

"అలాగే మేస్త్రీ. ముందు బావని పిలిపించు."

ఇదంతా నా అబద్ధం వల్లే కదా. క్యాంటీనుకి పరిగెత్తాను. ఎల్లాజీ నలుగురి మధ్య కూర్చుని రెండో టీ తాగుతున్నాడు.

"ఏటి రాజుబాబూ, దించీసేడా మావోడు?"

"దించలేదు. పని పోతుందన్నా దించలేదు."

ఎల్లాజీ నవ్వాడు. "పట్టుదలా? నా మీద గెలుద్దారని?"

"కాదురా. 'మా బావ ఊరికే చెయ్యి మూయడు, కింద ఎవరో ఉన్నారు' అంటున్నాడు. కింద ఉన్న ఆ మనిషి కోసం చెమటలు కక్కుతున్నాడు."

ఎల్లాజీ చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. పక్కవాడు ఏదో హాస్యమాడబోతే వాడి వైపు ఒక చూపు చూశాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. లేచి నడిచాడు. క్యాంటీను మలుపు దాటాక పరుగందుకున్నాడు.

ఈ కథ మద్దిలపాలెంలో ఒక పెళ్ళిలో చెప్పినప్పుడు, ఆ పెట్టె కింద నిద్రపోతున్న ఒక పసిపిల్లను పెట్టాను. ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. నిజానికి కింద ఎవరూ లేరు. నూనె మరకలున్న సిమెంటు గచ్చు, అంతే. రెండు గంటలు పట్టి ఉంచాడని కూడా చెప్పాను. నా గడియారంలో ముప్పై ఐదు నిమిషాలు.

ఎల్లాజీ రొప్పుతూ అంచు మీదికొచ్చాడు. కిందికి చూడకుండా దాలయ్య వైపు చూశాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, తొడ గడగడ వణుకుతోంది. ఎల్లాజీ పిడికిలి ఎత్తి, విప్పి, అరచెయ్యి మెల్లగా కిందికి ఊపాడు. పెట్టె లారీ మీద చప్పుడు లేకుండా కూర్చుంది. అయితే దాలయ్య కాలు బ్రేకు మీంచి రాలేదు, కొయ్యబారిపోయింది. ఎల్లాజీ వచ్చి వంగి, ఆ కాలిని రెండు చేతులా పట్టుకుని తీసి కింద పెట్టాడు. నాలుగేళ్ళ తరవాత మొదటి మాట అప్పుడన్నాడు.

"ఓరి దిక్కుమాలినోడా, కింద ఎవుడూ లేడ్రా."

"లేడా?" అన్నాడు దాలయ్య. గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "మంచిదే కదా బావా."

ఎల్లాజీ కాసేపు ఆ కాలి పక్కనే కూర్చుని లేచి వెళ్ళిపోయాడు. అర్జునరావు ఇద్దరినీ వారం రోజులు పనిలోంచి ఆపాడు. ఎల్లాజీ వెళ్ళి తప్పు నాది, ఆడిది కాదు అని చెప్పుకున్నా వినలేదు.

ఆ ఆదివారం దాలయ్య కాలు బూరెలా వాచింది, మందిరం దాకా కూడా నడవలేకపోయాడు. పెదజాలారిపేటలో ఏం జరిగిందో ఎల్లాజీ భార్య గంగాలమ్మ తరవాత నాకు చెప్పింది. ఎల్లాజీ గుమ్మంలో కూర్చుని, బాగున్న వలనే మళ్ళీ బాగుచేస్తున్నాడట. పదకొండయింది, పన్నెండయింది.

"ఏటి, సెవులు సందు మీద పెట్టేవు? ఇయ్యాల పిలుపు రాలేదని బెంగా?" అందిట.

"నాకేటి బెంగ?" అన్నాడుట. ఇంకొంచెంసేపు కూర్చుని, వల అక్కడే పడేసి, పొద్దున్న తెచ్చిన వంజరం చేప చేత్తో పట్టుకుని బయల్దేరాడు.

జ్ఞానాపురంలో బావ ఇల్లు ఎక్కడో అతనికి తెలియదు. ఇద్దర్ని అడుక్కుంటూ వచ్చి, సందు మొదట్లో నిలబడ్డాడు. ముందుకు రావడానికి మొహం చెల్లలేదు. అక్కణ్ణించే పిలిచాడు.

"బావా!"

ఒక్కసారే. నూకాలు చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. అన్న ముందు నిలబడి ఏడవాలో తిట్టాలో తెలియక, "సేప ఎండలో పట్టుకొచ్చేవేటి, పాడయిపోదా?" అంది. ఎల్లాజీ పిల్లను ఎత్తుకున్నాడు. సువార్త ఆ మీసాలు చూసి గుక్కపెట్టింది. అయినా దించలేదు.

అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్న దాలయ్య, నాలుగేళ్ళుగా సందు మొదటిదాకా మోసుకెళ్ళి వెనక్కి తెచ్చుకుంటున్న మాట ఆ రోజు దించుకున్నాడు.

"కాయ కొట్టకపోయినా నాను తోయాల్సింది బావా."

"తోత్తే పడవ మునగదనుకున్నావేటి?"

"కాదు. మునిగినా, నాను తోసిన పడవయ్యుండేది."

ఎల్లాజీ పిల్ల వీపు నిమురుతూ చెల్లెలివైపు తిరిగి "కూడెట్టవే, ఆకలేత్తంది" అన్నాడు. ఆ పూట ఎక్కువ వండిన కూడు పక్కింటికి పోలేదు.

ఎల్లాజీ మతం మారలేదు. దాలయ్య అడగనూ లేదు. నా అబద్ధం సంగతి ఒకరోజు నేనే దాలయ్య దగ్గర బయటపెట్టాను. "తెల్సు బాబూ. ఆ రష్యావోడు నీళ్ళ పంపు ఎక్కడని నన్నూ అడిగేడు, సైగల్తోటి" అని నవ్వాడు.

ఎనభై అయిదులో ఎల్లాజీ మళ్ళీ పడవ చేయించాడు. నన్నూ పిలిచారు. చిలకమ్మను దాలయ్య రిక్షాలో తీసుకొచ్చి ఇసుకలో కూర్చోబెట్టాడు. ఈసారి కాయ ఎవరూ దాలయ్య చేతికివ్వలేదు, ఎల్లాజీయే కొట్టాడు. దాలయ్య అప్పటికే పడవ వెనక భుజం ఆనించి నిలబడి ఉన్నాడు, ఎవరూ రాకముందే. గంగాలమ్మ అరిచింది. "ఓలమ్మ, ఈ మనిషికి తొందరేటి! హారతవ్వనీ!"

అయ్యాక అందరం తోశాం. నేనూ ఒక చెయ్యి వేశాను. మనవలకు చెప్పేటప్పుడు రెండు చేతులంటాను. పడవ నీళ్ళలో తేలింది. ఎల్లాజీ ఎగిరి ఎక్కాడు. అందరూ వదిలేసి ఒడ్డుకొచ్చేశారు. దాలయ్య మాత్రం నడుము లోతు నీళ్ళలో కూడా తోస్తూనే ఉన్నాడు.

"సాల్లే బావా, తేలింది! వదిలీ!" అని పైనుంచి ఎల్లాజీ కేకేశాడు.

"నువ్వు సెయ్యి సూపించలేదు" అన్నాడు దాలయ్య కెరటం మింగుతూ.

ఎల్లాజీ తెడ్డు పక్కన పెట్టి, పడవ వెనక్కి వచ్చి, చెయ్యి పైకెత్తి, పిడికిలి విప్పాడు.